వార్డు బయట డాక్టరు ఉద్యోగం: వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రి రెండున్నరకు డ్యూటీ రూంలో పక్క మంచం మీద తోటి డాక్టరు గురక పెడుతుంటే, ఫోన్ వెలుతురులో "ఎంబీబీఎస్ తర్వాత నాన్ క్లినికల్ ఉద్యోగాలు" (అంటే వార్డులో రోగులను చూడనక్కర్లేని పనులు) అని కొట్టి చూసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ కొట్టాను. కర్నూలులో చదివి, ఆదోని వైపు ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పనిచేసి, తర్వాత ఓ ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో రాత్రిళ్లు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో. అప్పుడు నాకు దొరికినవి మూడు: మెడికల్ కోడింగ్ కోచింగ్ ప్రకటన, ఖరీదైన ఆన్‌లైన్ డిప్లొమా ప్రకటన, డాక్టర్లకు పది ప్రత్యామ్నాయాలు అంటూ ఒక జాబితా. జాబితాలో పదోది "రచయిత అవ్వండి".

ఇప్పుడు మందుల భద్రత చూసే పనిలో, అంటే డ్రగ్ సేఫ్టీలో ఉన్నాను. ఇక్కడికి చేరడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఏడాది, వెతకడం రాక పోయింది. ఏ కంపెనీ కూడా తన ఉద్యోగానికి "నాన్ క్లినికల్" అని పేరు పెట్టుకోదు. అది మనం ఇటువైపు నిలబడి పెట్టిన పేరు. ఆ పేరుతో వెతకడం, బస్టాండులో కౌంటరు దగ్గరికి పోయి "కర్నూలు కాకుండా ఏదో ఒక ఊరికి టికెట్ ఇయ్యప్పా" అన్నట్టే.

ముందు, ఏది వద్దో తేల్చుకోండి

రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. డ్యూటీ దిగేటప్పుడు రెండు లైన్లు రాయండి: ఈరోజు నన్ను బాగా విసిగించింది ఏది, టైం తెలియకుండా చేసిన పని ఏది. "పేషెంట్లు" అని ఒక్క మాటతో తేల్చేయొద్దు. విసిగించింది రోగా, రోగి వెంట వచ్చిన ఇరవై మందా? నిద్ర లేకపోవడమా? అడ్మిషన్లు ఎందుకు తగ్గాయని అడిగే మేనేజ్‌మెంటా? ఏదైనా తేడా వస్తే మీద పడతారేమో అన్న భయమా?

అనంతపురంలో నా జూనియర్ ఒకడు ఫోన్ చేసి, "అన్నా, పేషెంట్ మొహం చూస్తేనే చిరాకు వస్తాంది, నేనూ ఫార్మాకు వచ్చేస్తా" అన్నాడు. నోట్‌బుక్ రాయమన్నాను. పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు వాడు రాసింది బిల్లింగ్ గురించి, అవసరం లేని స్కానింగులు రాయమనే ఒత్తిడి గురించి. టైం తెలియకుండా చేసిన పని దగ్గర మాత్రం అన్నీ రోగుల పేర్లే. వాడికి అక్కర్లేనిది ఆ ఆసుపత్రి, వైద్యం కాదు. ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరాడు, ఇప్పటికీ రోగులనే చూస్తున్నాడు. వృత్తి మార్చడం కన్నా ఆసుపత్రి మార్చడం చాలా చవక, ముందు అది చూసుకోండి.

ఇంకో మాట. నీట్ పీజీ ఫలితాలు వచ్చిన వారంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. తీసుకుంటే గనక, కౌన్సెలింగ్ జాబితాను ఈసారి కింది నుంచి పైకి చదవండి. మనవాళ్లు "ఫార్మకాలజీనా?" అని మొహం చిట్లించే సీటు ఫార్మా కంపెనీకి అన్నిటికన్నా దగ్గరి దారి. కమ్యూనిటీ మెడిసిన్ ప్రజారోగ్యానికి అంతే. నేను ఫార్మకాలజీ సీటు వదిలేసి చుట్టుదారి పట్టాను.

నిద్ర పట్టక, తిండి సహించక, పొద్దున లేవబుద్ధి కానంతగా ఉంటే మాత్రం ఉద్యోగం వెతకడం రెండో పని. రోగికి ఏం చెబుతారో మీరూ అదే చేయండి: ఎవరికైనా చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

మీ రిజిస్టర్లు తెరవండి

నాకు ఆలస్యంగా తెలిసింది ఇదే. రోగిని ముట్టుకోకుండా చేసే డాక్టరు పని మీరు ఇప్పటికే చేస్తున్నారు. దాన్ని "రాతపని" అని తిట్టుకుంటూ చేస్తున్నారు కాబట్టి అది అనుభవంలా కనిపించడం లేదు. కాగితం తీసుకుని, గత రెండేళ్లలో మీరు నింపిన ఫారాలన్నీ రాయండి. ఒక్కో ఫారం వెనక ఒక్కో ఉద్యోగం ఉంది.

టీకా వేశాక బిడ్డకు మూర్ఛ వచ్చిందని ఏఎన్ఎం ఫోన్ చేస్తే ఏం చేశారు? 24 గంటల్లోపు కేస్ రిపోర్టింగ్ ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకు పంపారు. టీకా వల్లే వచ్చిందా, జ్వరం ముందు నుంచే ఉందా, అదే వయల్ నుంచి వేసిన మిగతా పిల్లలు ఎలా ఉన్నారు అని విచారించారు. ఫార్మా కంపెనీలో డ్రగ్ సేఫ్టీ డాక్టరు చేసేదీ ఈ విచారణే. అక్కడ ఫారం వేరు, గడువు వేరు: తీవ్రమైన, ముందు తెలియని దుష్ఫలితాన్ని 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి. క్లినికల్ ట్రయల్‌లో ప్రాణం మీదికి వచ్చినదైతే 7 రోజుల్లో. నా ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది ఏ సర్టిఫికెట్టూ కాదు. మా పీహెచ్‌సీలో జరిగిన ఒక టీకా కేసును మొదటి నుంచి చివరి దాకా చెప్పమన్నారు, చెప్పాను.

ఆరోగ్యశ్రీ. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు గానీ 2007లో మొదలైనప్పటి పేరే జనం నోట్లో ఉంది. ఆ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రిలో మెడ్కోగా (పథకం కేసులు చూసుకునే డాక్టరుగా) ఉన్నవాళ్లు, ప్రీఆథ్ (వైద్యానికి ముందస్తు అనుమతి కోరే కాగితం) పంపినవాళ్లు, వెనక్కి వచ్చిన క్వెరీకి జవాబు రాసినవాళ్లు ఒకటి గమనించాలి. ఆ క్వెరీ పంపింది కూడా ఒక డాక్టరే. పథకం నడిపే ట్రస్టులోనో, ఇన్సూరెన్స్ కంపెనీలోనో, దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏలోనో కూర్చుని, ఈ సర్జరీ నిజంగా అవసరమా, కాగితాలు రోగానికి సరిపోతున్నాయా అని చూసే మెడికల్ ఆఫీసరు. మీరు టేబుల్‌కు ఇవతల కూర్చుని నేర్చుకున్న విద్యకు అవతల జీతం ఇస్తారు. ఎంబీబీఎస్‌తో, అదనపు చదువు లేకుండా, అన్నిటికన్నా తొందరగా తెరుచుకునే తలుపు ఇది. రోజుకు ఇన్ని ఫైళ్లు అని లెక్క ఉంటుంది, విసుగూ ఉంటుంది. అది కూడా తెలుసుకునే పోండి.

మీ పీహెచ్‌సీకి ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) సర్టిఫికెట్ కోసం తిప్పలు పడ్డారా? మొత్తం మీద 70 శాతం మార్కుల కోసం లేబర్ రూంలో ట్రేలు సర్ది, బయోమెడికల్ చెత్త డబ్బాలకు రంగులు చూసి, సిబ్బందికి చేతులు కడగడం నేర్పించారా? కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎన్ఏబీహెచ్ అనే నాణ్యతా గుర్తింపు కోసం క్వాలిటీ విభాగం పడేది అదే తిప్పలు. ఆసుపత్రి నిర్వహణ వైపు పోవాలనుకునేవాళ్లకు ఇది మొదటి మెట్టు. ఎంహెచ్ఏ (ఆసుపత్రి నిర్వహణలో మాస్టర్స్) లాంటి చదువు ఆ తర్వాత ఆలోచించవచ్చు.

మాతృ మరణం మీద రివ్యూలో కూర్చుని, ఆలస్యం ఇంట్లో జరిగిందా, దారిలో జరిగిందా, ఆసుపత్రికి వచ్చాక జరిగిందా అని తేల్చినవాళ్లు, జబ్బుల నిఘా పోర్టల్ ఐహెచ్ఐపీలో పీ ఫారం (లక్షణాలు చూసి అనుమానించిన కేసుల లెక్క) పంపినవాళ్లు ప్రజారోగ్యం చేస్తున్నట్టే. ఇక్కడ మన ప్రాంతానికి ఒక బలం ఉంది. కర్నూలు జిల్లా కోసిగి, హొళగుంద వైపు పనిచేసినవాళ్లకు సుగ్గి అంటే ఏమిటో తెలుసు. మిరపకోతలకు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు వెళ్లిపోతే, రిజిస్టరులో ఉన్న పిల్లలు ఊళ్లో ఉండరు, టీకా తప్పిపోతుంది. ఆ పిల్లలను మీరు ఎలా పట్టుకున్నారు? తిరిగి వచ్చాక వేశారా, అక్కడి ఏఎన్ఎంకు కబురు చేశారా? ఈ కథ డబ్ల్యూహెచ్ఓ సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసరు ఉద్యోగానికో, ఎన్జీవో ఉద్యోగానికో వెళ్లినప్పుడు చెప్పండి. ఢిల్లీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేసి వచ్చినవాడి దగ్గర ఇది ఉండదు.

గాయాల సర్టిఫికెట్లు రాసి, కోర్టు సమన్లు వస్తే వెళ్లి సాక్ష్యం చెప్పినవాళ్లు మెడికో లీగల్ వైపు చూడవచ్చు. దాని గురించి నాకు తెలిసింది తక్కువ కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇప్పుడు పేర్లు పట్టుకోండి

కాగితం మీద పనులు వచ్చాయి కదా, వాటి ఉద్యోగ నామాలతో వెతకండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మందుల భద్రతకైతే డ్రగ్ సేఫ్టీ ఫిజీషియన్, ఫార్మకోవిజిలెన్స్ ఫిజీషియన్, మెడికల్ రివ్యూయర్. క్లెయిములకైతే మెడికల్ ఆఫీసర్ క్లెయిమ్స్, ప్రీఆథ్ డాక్టర్. ఫార్మా కంపెనీ తరఫున పెద్ద డాక్టర్లతో శాస్త్రం మాట్లాడే పనికి మెడికల్ సైన్స్ లైజన్, మెడికల్ అడ్వైజర్. రాసే పనికి మెడికల్ రైటర్. ఒకే పనికి ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు ఉంటుంది, కాబట్టి ఒక్క పేరుతో ఆగిపోవద్దు.

మొదటి వారం దరఖాస్తు పెట్టనే వద్దు. ఒకే రకం ఉద్యోగానికి ఇరవై ప్రకటనలు తెచ్చుకుని చదవండి. పదిహేనింటిలో కనిపించే మాటలకు గీత గీయండి. నా ఇరవైలో మళ్లీ మళ్లీ వచ్చినవి కాజాలిటీ (దుష్ఫలితం మందు వల్లే వచ్చిందా అని తేల్చడం), మెడ్‌డ్రా, నరేటివ్ (కేసును మొదటి నుంచి చివరి దాకా రాసే కథనం). మెడ్‌డ్రా అంటే జబ్బులకు, లక్షణాలకు ఒకే రకం పేర్లు పెట్టే పదకోశం అని తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలింది. ఆ మూడు మాటలు తెలియకనే అంతకుముందు నలభై దరఖాస్తులు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు, రావలసిన అవసరమూ లేదు. లింక్డ్‌ఇన్‌లో, నౌక్రీలో అలర్ట్ పెట్టుకోండి గానీ, పెట్టి ఊరుకోవద్దు. కంపెనీల సొంత కెరీర్ పేజీలు వారానికోసారి చూడండి.

ఊరు సంగతి

నిజం చెప్పాలంటే ఫార్మా ఉద్యోగాలు మన దగ్గర లేవు. 44వ నంబరు హైవే మీద కర్నూలు నుంచి పైకి పోతే రెండొందల పైచిలుకు కిలోమీటర్లలో హైదరాబాద్, అనంతపురం నుంచి కిందికి పోతే దాదాపు అంతే దూరంలో బెంగళూరు. డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్‌దే, నోవార్టిస్‌కు అక్కడ పెద్ద కేంద్రం ఉంది. కడప వాళ్లకు బెంగళూరు, చెన్నై రెండూ ఒకే రకంగా దూరం. ఇంటి నుంచి పని అని ప్రకటనలో ఉన్నా, కొత్తవాళ్లను మొదట్లో ఆఫీసుకు రమ్మనడం మామూలే. ఇల్లు కదలలేని పరిస్థితి ఉంటే అది ముందే అడగండి.

కదలలేనివాళ్లకు ఇక్కడే ఉన్నవి కొన్ని. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు తోడు 2023లో నంద్యాలలో కూడా ఒకటి వచ్చింది. ప్రైవేటు కాలేజీలు వేరే. అనాటమీ, ఫిజియాలజీ లాంటి విభాగాల్లో ట్యూటరుగా ఎంబీబీఎస్‌తో చేరవచ్చు, నోటిఫికేషన్లు గమనిస్తుండాలి. అనంతపురంలో 1969 నుంచి ఉన్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి ఉంది. అలాంటి సంస్థల్లో వైద్యానికీ సమాజానికీ మధ్య ఉండే పనులు ఉంటాయి.

మనవాళ్లు అసలు తలచుకోనిది ఫ్యాక్టరీ. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా. ఇలాంటి చోట్ల ఆక్యుపేషనల్ హెల్త్ (పని వల్ల కార్మికుల ఆరోగ్యానికి వచ్చే ముప్పు చూసే) డాక్టర్లు కావాలి. దానికి ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఎంబీబీఎస్ తర్వాత చేయవచ్చు. చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో నడుపుతారు. ఇది పూర్తిగా రోగులు లేని పని కాదు, రోజూ కొందరిని చూడాలి. కానీ దుమ్ము, చప్పుడు, వేడి కార్మికుడి ఒంటిని ఏం చేస్తున్నాయో లెక్కగట్టి, ఆ దుమ్మే తగ్గించమని మేనేజ్‌మెంటుతో వాదించడం అందులో అసలు పని. రాత్రి డ్యూటీలతో విసిగి, వైద్యంతో విసగనివాళ్లకు బాగా సరిపోతుంది.

ప్రభుత్వ నోటిఫికేషన్లు చూసేటప్పుడు అర్హతల గడి మొత్తం చదవండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు వైద్య డిగ్రీ కూడా అర్హతే అన్న సంగతి మన బ్యాచ్‌లో సగం మందికి తెలియదు.

మనుషుల దగ్గరికి పోండి

పోర్టల్ కన్నా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు గట్టిది. మీ కాలేజీ నుంచి, మీకు ఐదారేళ్లు ముందు బయటపడి ఇలాంటి పనిలో చేరినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు గ్రూపుల్లో మాట్లాడరు, పెద్ద ప్రాక్టీసు పెట్టినవాళ్ల మధ్య కాస్త ముడుచుకుని ఉంటారు. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరు కొట్టి, పక్కన ఉద్యోగ నామం పెట్టి చూడండి. కనబడతారు.

మెసేజ్ చిన్నగా పెట్టండి. నాకు జవాబులు తెచ్చిన మెసేజ్ సారం ఇది:

"నమస్తే మేడం. నేను మీ కాలేజీలోనే చదివాను, మీ తర్వాత ఆరేళ్లకు. ఆదోని దగ్గర పీహెచ్‌సీలో రెండేళ్లు చేశాను, అక్కడ టీకా దుష్ఫలితాల కేసులు విచారించాను. డ్రగ్ సేఫ్టీ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. ఉద్యోగం అడగడానికి కాదు. ఆదివారం ఒక పావుగంట మాట్లాడగలరా?"

చివరి వాక్యానికి ముందు వాక్యం నిజంగా పాటించండి. ఫోన్‌లో "ఏమన్నా ఓపెనింగ్ ఉందా మేడం" అన్నారంటే ఆ పావుగంట అక్కడే అయిపోతుంది. వీటిని అడగండి: మొన్న మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు? ఈ పనిలో మీకు నచ్చనిది ఏది? ఇప్పుడు నా స్థానంలో ఉంటే ముందు ఏం నేర్చుకుంటారు? ఇంకెవరితో మాట్లాడమంటారు? మంగళవారం ప్రశ్న చాలా పనిచేస్తుంది. "ఉద్యోగం ఎలా ఉంది" అంటే బాగుంది అంటారు, మంగళవారం అంటే ఉన్నది ఉన్నట్టు చెబుతారు. ఒక సీనియర్ అన్న చెప్పిన మంగళవారం విన్నాకే మెడికల్ రైటింగ్ నాకు పడదని తేలిపోయింది.

మాట్లాడినవాళ్లకు నెల తర్వాత, మీరు చెప్పిన కోర్సు పూర్తిచేశాను అని ఒక లైను పంపండి. ఖాళీ వచ్చినప్పుడు వాళ్లకు గుర్తొచ్చేది ఆ లైను పంపినవాళ్లే.

డబ్బు కట్టేముందు చేసి చూడండి

పెద్ద ఫీజు డిప్లొమాలో చేరేముందు ఆ పనిని ఊరికే ఒక నెల రుచి చూడండి. పరిశోధన వైపైతే, పీజీలకు తప్పనిసరి చేసిన బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ చూడండి. చెన్నైలోని ఐసీఎంఆర్ పరిశోధన సంస్థ ఎన్ఐఈ దాన్ని ఆన్‌లైన్‌లో నడుపుతుంది. క్లినికల్ ట్రయల్స్‌కు జీసీపీ (ట్రయల్స్ సరిగ్గా నడిపే పద్ధతులు) శిక్షణ చిన్నదే, మన దేశపు 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను కూడా పక్కన పెట్టుకుని చదవండి. మందుల భద్రతకైతే వార్డులో మందు పడక దద్దుర్లు వచ్చిన రోగి ఒక్కడు చాలు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఫారం తీసుకుని నింపండి, అదే కేసును ఒక పేజీ నరేటివ్‌గా రాయండి. అది రాస్తుంటే ఆవలింతలు వస్తే, ఆ ఉద్యోగంలో రోజుకు పది రాయాలి మరి.

ఇంటర్వ్యూకు ముందు డబ్బు అడిగేవాళ్లు, "వంద శాతం ప్లేస్‌మెంట్" అనేవాళ్లు ఎదురైతే ఫోన్ పెట్టేయండి.

రెజ్యూమె, ఇంటర్వ్యూ

ఒకటి, మహా అయితే రెండు పేజీలు. "పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా పనిచేశాను" అన్న వాక్యం అందరిదీ. దాన్ని విడగొట్టండి: ఎంత జనాభా, ఎంతమంది సిబ్బంది, ఎన్ని దుష్ఫలితాల కేసులు విచారించారు, ఎన్ని ప్రీఆథ్‌లు పంపారు. ముందు తీసిన రిజిస్టర్లు ఇక్కడ పనికొస్తాయి. అంకె గుర్తులేకపోతే ఊహించి వేయొద్దు. రోగి పేరు, ఊరు ఎక్కడా రాకూడదు.

క్లినికల్ ఎందుకు వదులుతున్నారు అని తప్పకుండా అడుగుతారు. పీజీ సీటు రాలేదనో, రాత్రిళ్లు చేయలేననో చెబితే అబద్ధం కాదు, కానీ అది సగం జవాబు. ఏ పని చేస్తుంటే టైం తెలియలేదో నోట్‌బుక్‌లో ఉంది కదా, మిగతా సగం అదే.

జీతం మొదట్లో క్యాజువాల్టీ డ్యూటీలతో వచ్చేదానికన్నా తక్కువే చెప్పవచ్చు. నెల జీతాన్ని కాకుండా గంట జీతాన్ని లెక్కగట్టి పోల్చండి, హైదరాబాద్ ఇంటి అద్దె తీసేసి మరీ.

ఇంట్లో, కాగితాల్లో

"కంప్యూటరు ముందర కూర్చునేదానికేనా నాయనా, పొలం అమ్మి డాక్టరు చదివిచ్చింది?" అని మా నాన్న అన్నాడు. జవాబు చెప్పడానికి ప్రయత్నించకుండా, ఒక కేసు ఫైలు, పేరు లేకుండా, కూర్చోబెట్టి చదివి వినిపించాను. మందు వల్ల కాలేయం పాడైన మనిషి కథ. అంతా విని, "అయితే ఆ మందు ఆపేస్తారా?" అన్నాడు. ఆ తర్వాత పొలం మాట తగ్గింది, పూర్తిగా పోలేదు.

రాజీనామాకు ముందు చూసుకోవలసినవి: చదువుకో, సర్వీసుకో సంతకం పెట్టిన బాండ్ ఏదైనా ఉందా, ఉంటే మిగిలిన కాలమెంత, కట్టవలసినదెంత. ప్రభుత్వ సర్వీసులో ఉంటే వేరే దానికి దరఖాస్తు పెట్టడానికీ అనుమతి కాగితం కావాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చివరి రోజునే చేతికి తీసుకోండి, తర్వాత తిరగడం కష్టం. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ మానొద్దు, డ్రగ్ సేఫ్టీ, క్లెయిమ్స్ ఉద్యోగాల్లో కూడా అది అడుగుతారు.

ఇండెమ్నిటీ పాలసీని (రోగులు కేసు వేస్తే ఆదుకునే బీమాను) కూడా వెంటనే ఆపేయకండి. మీరు చివరి రోజు చూసిన రోగి కూడా వినియోగదారుల చట్టం కింద రెండేళ్ల దాకా ఫిర్యాదు చేయవచ్చు, అప్పటికి మీరు ఏ ఆఫీసులో ఉన్నా నోటీసు మీ పేరుకే వస్తుంది. ఇక కొత్త కంపెనీ ఒప్పందంలో, వేరే పని చేయకూడదన్న నిబంధన ఉందేమో సంతకానికి ముందే చదవండి. ఆదివారాలు ఊళ్లో ఓపీ చూసుకోవాలని ఉంటే ఆ అనుమతి మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాటగా కాదు.